గోదావరి మీద పాత వంతెన, కొత్త వంతెన

రాజమహేంద్రవరం దగ్గర రైల్లో గోదావరి దాటిన మన సభ్యుల్లో, వంతెన వచ్చిందనగానే కిటికీ వైపు జరగనివారూ, గోదావరమ్మకు వేయడానికి జేబులో చిల్లర వెతకనివారూ అరుదు. ఆ చిల్లర వేసే అలవాటు ఎన్ని తరాలదో గాని, వేసిన చోటు మాత్రం మన జీవితకాలంలోనే మారింది. 1997కు ముందు ప్రయాణించిన వారిలో చాలామంది హేవలాక్ బ్రిడ్జి మీదనుంచి వేశారు. ఆ తరువాత ప్రయాణించిన వారు దాని పక్కన లేచిన కమానుల వంతెన మీదనుంచి వేస్తున్నారు. పాతది రైళ్లు లేకుండా ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

ఒక చారిత్రకమైన చోట పాత వంతెన వయసు తీరితే దాని స్థానంలో కొత్తది ఎలా కట్టాలి? పాతదాన్ని పోలినట్టు కట్టాలా, కాలానికి తగినట్టు కట్టాలా? కట్టాక పాతదాన్ని ఏం చేయాలి? ఈ ప్రశ్నలు ప్రపంచంలో చాలా ఊళ్లకు ఎదురయ్యాయి. మనకు దగ్గరలో ఉన్న గోదావరినే ఉదాహరణగా తీసుకుని, అవసరమైన మేరకు మిగతా ఊళ్లను తలుచుకుంటాను.

మొదట పాత వంతెన సంగతి. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టు కోస్టు రైలు మార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య పూర్తయింది. కాని మధ్యలో గోదావరి అడ్డం. కొవ్వూరులో రైలు దిగి, రేవు దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కవలసి వచ్చేది. మద్రాసు, కలకత్తాల మధ్య ఎడతెగని దారి ఏర్పడాలంటే ఈ నదిని కట్టిపడేయక తప్పదు. ఆ పని ఫ్రెడరిక్ థామస్ గ్రాన్విల్ వాల్టన్ అనే ఇంజనీరు చేతిలో పెట్టారు. కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి (ఇప్పటి మాలవీయ వంతెన) కట్టిన వాడాయన. గంగమ్మను చూసినవాడు గోదావరికి బెదరడు.

1897 నవంబరు 11న పని మొదలయింది. ఆ తేదీలోనే ఒక సంగతి ఉంది. గోదావరికి వరద జూన్ చివర మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. నీరు తీశాక, ఇసుక తిప్పలు తేలాక, నవంబరు నుంచి మళ్లీ తొలకరి దాకా ఉండే ఏడెనిమిది నెలలే నదిలో దిగి పనిచేయడానికి దొరికే కాలం. 1900 ఆగస్టులో వంతెన మీద రైళ్లు నడిచాయి. అంటే నదిలో పనికి దొరికినవి మూడే పనికాలాలు. సుమారు రెండుంముప్పావు కిలోమీటర్ల వంతెన, ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు, రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప గర్డర్లు! ఈ రోజు యంత్రాలతో చేసేవారు కూడా ఈ లెక్క విని కాసేపు ఆలోచిస్తారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. మనవాళ్లకు మాత్రం అది పాత బ్రిడ్జి, లేదా హేవలాకు బ్రిడ్జి.

బావి పునాది అంటే తెలియని కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు. గోదావరి అడుగున ఇసుక. ఇసుక మీద స్తంభం నిలబడదు, వరద వచ్చినప్పుడు ఇసుకే కొట్టుకుపోతుంది. అందుకని నది అడుగున పదునైన అంచు గల ఒక వలయాన్ని ఉంచి, దాని మీద గుండ్రంగా గోడ కట్టుకుంటూ, లోపలి ఇసుకను తోడుకుంటూ పోతారు. గోడ బరువుకు అది కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. మనం బావిలో ఒరలు దింపినట్టే. వరద కోత అందనంత లోతుకు దిగాక అడుగు మూసి, లోపల నింపి, పైన స్తంభం లేపుతారు. దిగేటప్పుడు బావి ఒక పక్కకు ఒరిగిందా, సరిచేయడానికి ప్రాణం మీదికొస్తుంది. హేవలాక్ వంతెన నూరేళ్లు వరదలను కాచిందంటే ఆ పేరు కనపడని బావులకే దక్కాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. అప్పటికి ఆ స్తంభాల వయసు ఎనభై ఆరేళ్లు.

మరి ఎందుకు మార్చవలసి వచ్చింది? స్తంభాల తప్పేమీ లేదు. ఇనుము అలసిపోతుంది. రైలు వెళ్లినప్పుడల్లా గర్డరు వంగుతుంది, లేస్తుంది. లక్షల సార్లు వంగి లేచిన లోహంలో కంటికి కనపడని బీటలు పుడతాయి, రివెట్లు వదులవుతాయి. 1900 నాటి ఆవిరి ఇంజన్ల బరువుకు తూచి చేసిన గర్డర్ల మీద ఈనాటి విద్యుత్ ఇంజన్లు, బొగ్గు వాగన్లు వెళ్లాలంటే కుదరదు. ఇంజనీరింగు శాఖలో పనిచేసిన వారికి పాత గర్డరు వంతెనల మీద కాషన్ ఆర్డర్లూ, వేగపరిమితులూ, ఎండల్లో వేలాడుతూ రంగులు వేయడాలూ కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా నూరేళ్లు పనిచేసిన దాన్ని పనికిరాదన్న మాటతో సాగనంపడం నాకు నచ్చదు. ఉద్యోగ విరమణ అనాలి. ఆ మాట విలువ మన సంఘ సభ్యులకు ఇంకొకరు చెప్పాలా!

మధ్యలో రెండో వంతెన వచ్చింది. 1974లో పూర్తయిన రైలు, రోడ్డు వంతెన అది. కింద రైలు, పైన రోడ్డు. బ్రెయిత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ సంస్థ కట్టింది. 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.7 మీటర్ల స్పాన్లు 7. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య బస్సులూ లారీలూ నది దాటింది దాని వల్లనే, దాని ఉపకారాన్ని ఎవరూ కాదనలేరు. చూడడానికి మాత్రం అది బరువైన ఉక్కు పంజరం. ఆ రోజుల్లో అందం గురించి అడిగే స్థితిలో దేశం లేదు, ఉక్కూ సిమెంటూ దొరకడమే గగనం. అయినా ఆ వంతెనలో ఒక మర్యాద ఉంది, దాన్ని చాలామంది గమనించరు. రాజమండ్రి వైపు చివర ఆరు స్పాన్లు తిన్నగా కాక ఆరు డిగ్రీల వంపులో ఉంటాయి. అప్పటికే అక్కడ ఊరు కట్టుకుని ఉంది. ఇళ్లను కొట్టి వంతెనను తిన్నగా తీసుకుపోకుండా, వంతెననే వంచారు. గర్డరు వంతెనను వంపులో కట్టడం చిన్న తలనొప్పి కాదు. ఊరి కోసం ఆ తలనొప్పి పెట్టుకున్నారు. పాత చోటును గౌరవించడమంటే చెక్కడాలూ, గోపురాలూ అద్దడమని అనుకునేవారు ఈ వంపును ఒకసారి చూడాలి.

ఇక మూడోది. హేవలాక్ స్థానాన్ని తీసుకోవడానికి 1991లో మొదలుపెట్టి 1997లో కట్టింది ఇది. దీని ముందున్న పరీక్ష కష్టమైనది. ఒక పక్క నూరేళ్ల రాతి స్తంభాల వరస, ఒడ్డున కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, మార్కండేయస్వామి గుడి, పన్నెండేళ్లకొకసారి లక్షల మంది మునిగే నీళ్లు. ఇలాంటి చోట మరో ఉక్కు పంజరం లేస్తే ఆ ఒడ్డు శోభ ఏమయ్యేదో ఊహించుకోండి. అలాగని పాతదాన్ని కాపీ కొట్టి 150 అడుగుల చిన్న స్పాన్లతో కట్టినా అర్థం లేదు. నదిలో స్తంభాలు రెట్టింపవుతాయి, నీటికి అడ్డం పెరుగుతుంది.

నమూనా జూరిచ్ నగరంలోని బ్యూరో బి.బి.ఆర్. అనే సంస్థ ఇచ్చింది, నిర్మాణం హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ చేసింది. వారు ఎంచుకున్నది విల్లు వంతెన. ఇంగ్లీషులో కూడా దాన్ని విల్లూ నారీ అన్న మాటలతోనే పిలుస్తారు. పైన కాంక్రీటు కమాను విల్లు. కింద రైలు నడిచే కాంక్రీటు పెట్టె గర్డరు నారి. రెండింటినీ కలుపుతూ నిలువుగా వేలాడే కడ్డీలు. మామూలు కమాను వంతెనకు ఒక గుణం ఉంది: రెండు కాళ్లనూ పక్కలకు తన్నుతుంది. ఆ తన్ను కాచుకోవడానికి గట్టి కొండో, లావుపాటి స్తంభమో కావాలి. గోదావరి ఇసుకలో కొండ ఎక్కడ దొరుకుతుంది? విల్లు వంతెనలో ఆ తన్నును నారి పట్టుకుంటుంది. బిగించిన నారి విల్లు కొసలను విడిపోనివ్వదు గదా! అందుచేత స్తంభం మీదికి దాదాపు నిలువు బరువే వస్తుంది, కమాను బలిమి దక్కుతుంది. బలమంతా రైలుకు పైన ఉండడం వల్ల రైలు కింద గర్డరు మందం తక్కువ, వరద నీటికీ పడవలకూ ఖాళీ ఎక్కువ.

అన్నిటికన్నా నాకు ముచ్చట గొలిపేది లెక్క. కొత్త వంతెనకు 97.55 మీటర్ల చొప్పున 28 స్పాన్లు. పాతదానికి 56. సరిగ్గా సగం! అంటే రెండు పాత స్పాన్లకు ఒక కొత్త స్పాను. పక్కపక్కన రెండు వంతెనలు ఉన్నప్పుడు స్తంభాలు ఒకే వరుసలో ఉంటే నీరు సాఫీగా పోతుంది. అడ్డదిడ్డంగా ఉంటే ఒక స్తంభం లేపిన సుడి ఇంకో స్తంభం కాలి కింద ఇసుకను తవ్వుతుంది. ఇది నదీ శాస్త్రం నేర్పిన పాత పాఠం. కాని దానితోపాటు కంటికీ మేలు జరిగింది. రేవులో నిలబడి చూస్తే పాత వంతెన సమతలంగా, చిన్న చిన్న అడుగులతో నదిని దాటుతున్నట్టు, కొత్తది దాని వెనక ఒక్కొక్క గంతుకు రెండడుగులు వేస్తున్నట్టు ఉంటుంది. తాతా మనవడూ కలిసి నడిస్తే అడుగులు కలవవు, ఇక్కడ కలిశాయి. పాతదాన్ని అనుకరించకుండానే పాతదాని తాళం తప్పకుండా ఉండడం ఎలాగో ఆ కట్టడం చూపిస్తుంది.

1997 మార్చిలో దాని మీద రైళ్లు ఆరంభమయ్యాయి. పూర్తి స్థాయి రాకపోకలు 2003లో వచ్చాయి. ఇప్పుడు గోదావరి జిల్లాల పేరు ఎత్తితే చాలు, బొమ్మ వేసేవారు ఈ కమానులే వేస్తారు. సినిమాలవారు సరేసరి. ముప్పై ఏళ్లు నిండకముందే ఊరికి గుర్తుగా మారిన కట్టడాలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి?

అన్ని ఊళ్లలోనూ ఇంత సవ్యంగా జరగలేదు. జర్మనీలో డ్రెస్డెన్ నగరం ఎల్బే నదీ లోయ 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ లోయ మధ్యలో నాలుగు వరుసల రోడ్డు వంతెన కట్టాలని నగరం తలపెట్టింది. ఓటు పెడితే ప్రజలు వంతెనే కావాలన్నారు. యునెస్కో వద్దంది. సొరంగం తవ్వండని సలహాలు వచ్చాయి. వంతెన కట్టారు, 2009లో జాబితా నుంచి పేరు కొట్టేశారు. 2013లో వంతెన తెరిచారు. అక్కడివారికి దారి దొరికింది, గౌరవం పోయింది. ఎవరిది తప్పని తీర్పు చెప్పడం నాకు సాధ్యం కాదు. రోజూ ఆఫీసుకు నది దాటే మనిషి బాధ, సెలవుల్లో చూడవచ్చే మనిషికి తెలియదు.

లండనుది మరో తీరు. అక్కడ జాన్ రెన్నీ నమూనా మీద 1831లో కట్టిన లండన్ బ్రిడ్జి తన బరువుకే కుంగుతూ వచ్చింది. 1968లో దాన్ని ఒక అమెరికా వ్యాపారికి అమ్మేశారు. ఆయన రాళ్లు విప్పి, అంకెలు వేసి, ఓడల్లో తీసుకుపోయి అరిజోనా ఎడారిలో లేక్ హవాసు అనే ఊళ్లో 1971లో మళ్లీ నిలబెట్టాడు. దాని స్థానంలో 1973లో వచ్చిన వంతెన గట్టిదే గాని, అది ఫలానా వంతెన అని చెబితే తప్ప గుర్తుపట్టలేం. అదే నగరంలో వాటర్లూ బ్రిడ్జి కథ వేరు. రెన్నీ కట్టిన పాతదాన్ని తీసేస్తుంటే పెద్ద గొడవ అయింది. వాస్తుశిల్పి గైల్స్ గిల్బర్ట్ స్కాట్ తక్కువ కమానులతో, అలంకారం లేకుండా, నది మీదుగా సెయింట్ పాల్స్ గుడి కనపడేటట్టు కొత్తదాన్ని తీర్చాడు. యుద్ధకాలంలో మగవాళ్లు సైన్యానికి పోతే ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఆ పనిలో చేరారు. పైన పరిచిన పోర్ట్‌లాండ్ రాయిని వాన నీరే కడిగి తెల్లగా ఉంచుతుంది. వానలు ఎక్కువున్న ఊరికి తగిన రాయి అది. ఊరి వాతావరణాన్ని కూడా నమూనాలో కలుపుకోవడం పెద్దమనిషి తనం.

ఉన్నదున్నట్టు తిరిగి కట్టవలసిన సందర్భాలూ ఉన్నాయి. బోస్నియాలో మోస్తార్ వంతెన 1566 నాటిది, ఒకే కమాను. 1993 నవంబరు 9న యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు నదిలో కూలింది. 2004లో అదే రకం రాతితో, అదే పద్ధతిలో మళ్లీ కట్టారు. అది రైళ్ల కోసం కాదు, బరువుల కోసం కాదు. విడిపోయిన ఊరి మనసు కోసం. అక్కడ కొత్త నమూనా పెట్టి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

మన హైదరాబాదులో పురానాపుల్ సంగతి అందరికీ తెలిసిందే. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. అంటే చార్మినారు కన్నా, అసలు హైదరాబాదు నగరం కన్నా పెద్దది. 1908 మూసీ వరదను కూడా తట్టుకుంది. యువరాజు నది దాటి ప్రేయసి కోసం వెళ్లకుండా ఉండలేడని తండ్రి కట్టించాడని కథ చెప్పుకుంటారు. గోలకొండకు నది అవతలి దారులతో వ్యాపారం కావలసి వచ్చిందన్నది కథకన్నా నమ్మదగిన కారణం. పక్కన వేరే వంతెన వచ్చాక దీని మీద కూరగాయల అంగడి వెలిసింది. పాత వంతెన మీద బరువు తగ్గింది, మనుషులు మిగిలారు. శుభ్రత మాట అలా ఉంచితే, నాలుగు వందల ఏళ్లు దాటిన కట్టడానికి అదేమీ అవమానం కాదని నా అభిప్రాయం. ఉపయోగం లేని పాత కట్టడానికి తుప్పూ, తుమ్మచెట్లే దిక్కు.

ఇక్కడే హేవలాక్ వంతెన విషయానికి మళ్లీ రావాలి. 1997లో రైళ్లు ఆగాక దాన్ని విప్పి తుక్కు కింద అమ్మేద్దామన్న ఆలోచన వచ్చింది. లెక్కల పుస్తకంలో అది కొన్ని వేల టన్నుల ఇనుము మాత్రమే. ఊరివారు ఒప్పుకోలేదు. కాలినడక వంతెనగా, విహార స్థలంగా మార్చాలని ప్రతిపాదనలు పంపారు. ఒక పుష్కరం 2003లో, ఇంకొకటి 2015లో గడిచాయి, కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకొక ఆఫీసుకు ప్రయాణించాయి. ఫైలు నడక వేగం ఎంతో మన సభ్యులకు విడమరచనక్కరలేదు. ఈ లోపల ఇనుము తుప్పు పడుతూనే ఉంది. ఆగిన రైలు వంతెనకు రంగు వేసే బాధ్యత ఎవరిదీ కాదు, అదే దానికి అసలు ప్రమాదం. ఎట్టకేలకు 2025 జూన్‌లో అఖండ గోదావరి పేరిట 94 కోట్ల పైచిలుకు పథకానికి రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. పుష్కరాల రేవుతోపాటు హేవలాక్ వంతెనను పర్యాటకులకు తీర్చిదిద్దడం అందులో ఉంది. 2027 పుష్కరాలు గడప దగ్గరికి వచ్చేశాయి.

సంతోషమే గాని, పాత రైల్వే వాడిగా ఒక భయం, ఒక కోరిక రెండూ ఉన్నాయి. భయం ఏమంటే, రంగురంగుల దీపాలూ, అద్దాల నేలలూ, ఆట వస్తువులూ వచ్చిపడి, చివరికి అది ఏ ఊరి వంతెనో తెలియకుండా పోవడం. కొత్త వంతెన కట్టేటప్పుడు పాతదాని తాళం తప్పకుండా కట్టారు. పాతదాన్ని అలంకరించేవారు ఆ శ్రద్ధ చూపకపోతే ఎలా? కోరిక చిన్నదే. యాభై ఆరు స్పాన్లలో రెండో మూడో స్పాన్లను రైలు పట్టాలతో, స్లీపర్లతో, రివెట్లతో ఉన్నవున్నట్టు ఉంచాలి. ఒక స్తంభం దగ్గర లోపలి బావి పునాది ఎలా ఉంటుందో కోసి చూపే బొమ్మ ఒకటి పెట్టాలి. వాల్టన్ పేరు రాస్తే ఆయన పక్కన నదిలో దిగి ఇసుక తోడిన కూలీల సంగతి కూడా ఒక వాక్యం రాయాలి. వారి పేర్లు ఎక్కడా మిగలలేదు, వారు దింపిన బావులు మాత్రం ఇంకా బరువు మోస్తున్నాయి.

మన సభ్యుల్లో ఆ వంతెన మీద పనిచేసినవారు, గాంగులో ఉన్నవారు, డ్యూటీలో దానిని నడిచి దాటినవారు ఇంకా కొందరు ఉన్నారు. వారి దగ్గర పాత ఫోటోలు, ఇన్‌స్పెక్షన్ పుస్తకాలు, కనీసం ఒక తుప్పు పట్టిన రివెట్టు అయినా ఉండవచ్చు. పిల్లలు పాత సామాను తీసిపారేసేలోగా వాటిని బయటకు తీసి, ఎప్పటివో, ఏ స్పాను దగ్గరివో వెనక రాసిపెట్టమని నా మనవి. ఆ వివరాలతో సంఘం కార్యాలయానికి ఉత్తరం రాస్తే, పుష్కరాల లోపల అన్నిటినీ ఒకచోట చేర్చి, వంతెన పనులు చూస్తున్నవారికి అందజేయవచ్చు.